స్టిక్కర్ మీద మూడు తేదీలు

మే 4

బాబాయ్,

నమస్కారం. నాన్నా నేనూ బాగానే ఉన్నాం. బాగాలేనిది కారు. అందుకే కుశలప్రశ్నలన్నీ దాటేసి నేరుగా బానెట్ కిందికి వెళ్తున్నాను, ఏమనుకోకు.

పదిహేను రోజులుగా మొదటి గేరు నుంచి రెండో గేరుకి మారేటప్పుడు వెనకనుంచి ఎవరో తోసినట్టు కుదుపు. కొండ రోడ్డు ఎక్కేటప్పుడు మరీను. ఇంజనేమో రయ్యిమని అరుస్తుంది, బండి మాత్రం "వస్తున్నాలే" అన్నట్టు తాపీగా కదులుతుంది. పంతొమ్మిదేళ్ళ బండి మరి.

మా వీధి చివర గ్యారేజీలో కళ్ళజోడు మెకానిక్ ఉన్నాడని రాశాను కదా, స్టీరింగు ముట్టుకునే ముందు చేతులు కడుక్కునే మనిషి. అతను కాస్త దూరం తోలి చూసి, "గేర్‌బాక్స్‌లో ఆయిల్ పాతబడింది, మెషీన్ పెట్టి ఉన్నదంతా బయటికి నెట్టేసి కొత్తది ఎక్కిద్దాం" అన్నాడు. సరేనని 28వ తేదీకి పేరు రాయించాను. ఇంటికొచ్చేసరికి ఎదురింటి టాక్సీ ఆయన గేటు దగ్గరే పట్టుకున్నాడు. "పాత ఆటోమేటిక్ బండిలో ఆయిల్ మార్చావంటే అంతే సంగతులమ్మా. మావాడొకడు మార్చాడు, వారం తిరక్కుండా బండి తుక్కుకి పోయింది" అన్నాడు. ఇద్దరూ చెయ్యి తిరిగినవాళ్ళే. ఎవరి మాట నమ్మను? నలభై ఏళ్ళు గేర్‌బాక్సులు తప్ప ఇంకోటి ముట్టని బాబాయి ఉండగా నాకీ తలనొప్పి ఏంటనిపించింది. ఫోన్ చేస్తే నీకు సగమే వినిపిస్తుంది, మిగతా సగం నువ్వే కల్పించుకుని జవాబిస్తావు. అందుకని కాగితం.

నా సంగతి నీకు తెలుసు. ఎడమ మోకాలు మడవదు, క్లచ్ తొక్కలేను. ఈ కారుంటేనే నేను ఇంటింటికీ వెళ్ళి కట్లు మార్చే నర్సుని. లేదంటే ఆసుపత్రిలో కౌంటరు వెనక కూర్చుని చీటీలు రాసిచ్చే నర్సుని. రోజుకి పదకొండు ఇళ్ళు తిరుగుతాను. కొండమీది నాలుగిళ్ళలో ముగ్గురు మంచం దిగలేనివాళ్ళు. "బండి నిలబడుతుందా, లేక నీ ఇళ్ళు ఇంకొకరికి ఇవ్వనా?" అని మా పెద్ద నర్సమ్మ ఇప్పటికే రెండుసార్లు అడిగింది. నాకు కౌంటరు వద్దు బాబాయ్. ఆ కుర్చీలో కూర్చుంటే నేను ఏడుస్తాను, నిజంగా.

నాన్నకి అక్షరాలు పూర్తిగా అలుక్కుపోయాయి. అయినా నీ ఉత్తరం వచ్చిందంటే కుర్చీ నా పక్కకి జరుపుకుంటాడు. మొదటి మాట నుంచి సంతకం దాకా గట్టిగా చదవాలి. ఒక్క వాక్యం మింగినా, "ఏదో తగ్గింది, సరిగ్గా తూచు" అంటాడు. తూనికలు కొలతల ఇన్స్‌పెక్టరుగా చేసినవాడికి తక్కువ తూచి ఎక్కడ తప్పించుకుంటాం?

ఆయిల్ మార్చాలా వద్దా, ఒక్క ముక్క రాసెయ్.

నీ అన్న కూతురు

---

మే 9

టపాకాయ్,

అందింది, పేలింది. జవాబు: మార్చకు.

మిగతా కాగితం ఖాళీగా పంపితే బాగోదు కనుక రాస్తున్నాను. ఇక్కడ నేను క్షేమం. కింద షెడ్డు అద్దెకి తీసుకున్న పరుపులవాళ్ళు పొద్దున్నే పని మొదలెడతారు. బళ్ళు పైకెత్తే నా లిఫ్టు ఉన్నచోట ఇప్పుడు దూది కుప్పలు. మెట్లెక్కి నా గదిలోకి, నా టీలోకి కూడా వస్తుంది దూది. చెవులు పోయినందుకు ఒక లాభం, ఆ యంత్రం మోత వినపడదు. తుమ్ములు మాత్రం నావే.

మీ టాక్సీ ఆయన చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు. ఆయిల్ మార్చినందుకు గేర్‌బాక్స్ చావదు. చావబోయేదాన్నే ఆఖర్న ఆయిల్ మార్చడానికి తెస్తారు, నింద ఆయిల్ మీద పడుతుంది. అయితే ఒకటి. ఏళ్ళ తరబడి మార్చనే లేదనుకో, లోపల ప్లేట్లు అరిగిన పొడి ఆ ఆయిల్‌లోనే కలిసి ఉంటుంది. అరిగిన ప్లేట్లకి ఆ పొడే పట్టు. మెషీన్ పెట్టి ఒక్కసారిగా కడిగేస్తే పట్టు జారిపోతుంది. వేళకి మార్చుకుంటూ వచ్చిన బండికి ఆ భయం లేదు.

నువ్వు మాత్రం మార్చకు. నేను చెప్తున్నాగా. 28న వద్దని ఆ కళ్ళజోడుకి చెప్పు.

అన్నయ్యని పొద్దుటి ఎండలో కాసేపు నడవమను. నేను చెప్పానని చెప్పకు, చెప్తే నడవడు.

దూదిలో నుంచి,
బాబాయి

---

మే 13

బాబాయ్,

నీ ఉత్తరం చదువుతుంటే, నడక ముక్క దగ్గర ఆపుదామా అనుకునేలోపే నోట్లోంచి వచ్చేసింది. "చెప్పకు అని రాసినదాన్ని చదువుతారటే?" అని నాన్న నవ్వాడు. నడవలేదు.

కానీ అసలు ముక్క దగ్గర మాత్రం ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "వేళకి మార్చిన బండికి భయం లేదని వాడే రాశాడు కదా. మన బండికి చిన్నోడు మూడుసార్లు మార్చాడు. మూడుసార్లూ డబ్బా నేనే కొనిచ్చాను. మరి వద్దంటాడేం?" అన్నాడు. నన్ను బానెట్ ఎత్తి చూడమన్నాడు. చూశాను. నీ షెడ్డు స్టిక్కరు ఇంకా ఉంది. మూడు తేదీలు, ఒక్కోదాని పక్కన "గేర్ ఆయిల్ మార్చడమైనది", కింద తోక మెలితిప్పిన నీ సంతకం. చిన్నప్పుడు నేను పుస్తకాల వెనక ప్రాక్టీసు చేసిన సంతకం అదే. చేసిన పని రాసి సంతకం పెట్టనిదే ఏ బండీ నీ షెడ్డు గేటు దాటేది కాదు, ఊరంతా చెప్పుకునేవాళ్ళు. నాన్న కూడా తన ఆఫీసులో నీ స్టిక్కరు గురించే గొప్పలు చెప్పేవాడట.

కాబట్టి నువ్వు రాసిందాన్ని బట్టే నేను మార్చుకోవచ్చు. మరి ఎందుకు వద్దు? కారణం రాయి. "నేను చెప్తున్నాగా" అంటే నేను పదేళ్ళప్పుడు ఊరుకున్నాను, ఇప్పుడు ఊరుకోను. పెద్ద నర్సమ్మకి నెలాఖరులోగా జవాబు చెప్పాలి.

జవాబు కోసం గేటు దగ్గరే,
టపాకాయ

---

మే 18

అమ్మాయ్,

కారణం, కారణం. మీ నాన్న ఇన్స్‌పెక్టరైతే నువ్వు ఏకంగా జడ్జీవి.

ఆ మెషీన్లు నాకు నచ్చవు. మా కాలంలో అవి లేవు. కళ్ళజోడు మంచివాడే కావచ్చు, కానీ గ్యారేజీలో మెషీన్ కొన్నాక దానికి పని చూపించాలిగా. మూడుసార్లు మార్చామంటే, ఎప్పటి మాట అది? ఆఖరి తేదీకి కూడా ఏడేళ్ళు దాటాయి. బండి స్వభావం బట్టి ఉంటుంది, వాతావరణం బట్టి ఉంటుంది. ఇవన్నీ కాగితం మీద చెప్పేవి కావు.

నా మాట విని ఒక పని చెయ్యి. కొన్నాళ్ళపాటు ఆ కొండమీది ఇళ్ళు ఇంకెవరికైనా ఇచ్చెయ్. కింద చదును రోడ్డు మీద ఇళ్ళు చాలవూ? నీకూ కాస్త ఊపిరి తిరుగుతుంది. అన్నీ నీ నెత్తినే వేసుకోవాలని ఎక్కడుంది?

ఇంకో మాట. ఇకమీదట నా ఉత్తరాలు ముందు నువ్వొక్కదానివే చదువుకో. ఆ తర్వాత అన్నయ్యకి ఏది చదవాలో అది చదువు. ఎందుకు అని అడక్కు.

రాయడానికి కూర్చుంటే కలం కదలట్లేదు. ఇవాళ్టికి ఇంతే.

బాబాయి

---

మే 22

బాబాయికి,

నీ ఉత్తరాన్ని ఎప్పటిలాగే గట్టిగా చదివాను. ముందు ఒంటరిగా చదువుకోమన్న ముక్క ఆఖర్న ఉంటే నాకు ముందే ఎలా తెలుస్తుంది చెప్పు? చదివేశాక తెలిసి ప్రయోజనం ఏముంది? నాన్న ముఖం పాలిపోయింది. "చిన్నోడికి ఏదో జబ్బు చేసింది. నా దగ్గర దాస్తున్నాడు. మొన్నటి ఉత్తరంలో తుమ్ములన్నాడు, ఇప్పుడు కలం కదలట్లేదంటున్నాడు" అని రెండ్రోజులుగా సరిగ్గా తినడం లేదు. నీకు జబ్బేమీ లేదని నేను ప్రమాణాలు చేస్తున్నాను. ఉంటే మాత్రం నాకు చెప్పాల్సిన బాధ్యత నీకుంది.

ఇక నా సంగతి. కొండ ఇళ్ళు ఇంకెవరికైనా ఇచ్చెయ్యమన్నావు. అందరూ ఆ మాట అన్నారు. కాలేజీలో సీటిచ్చినాయన అన్నాడు, పెద్ద నర్సమ్మ అంటోంది, అత్త అయితే పెళ్ళిచూపుల్లో నా ముందే అంది. కుంటిపిల్లకి కొండలెందుకని. నువ్వొక్కడివే ఎప్పుడూ అనలేదు. నాన్న ఆటోమేటిక్ కారు కొన్న రోజున నన్ను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, "నీ కుడికాలు చాలు ఈ లోకానికి" అన్నది నువ్వే. ఇప్పుడు నువ్వూ వాళ్ళలో కలిశావు. కారు సంగతి అడిగితే నా కాలు సంగతికి వచ్చావు. నాకు చాలా బాధగా ఉంది.

నువ్వు చెప్పలేని కారణం కోసం నేను ఆగలేను. 28 దాకా కూడా ఆగను. 24కి ముందుకు జరిపించుకున్నాను. నీ సంతకం స్టిక్కరు మీద ఉంది, నాకు అది చాలు.

ఉంటాను

---

మే 24

బాబాయ్,

గ్యారేజీలో బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. ఇంటికెళ్ళాక రాస్తే కోపం చల్లారిపోతుందేమో, చల్లారకముందే రాయాలని ఉంది.

కళ్ళజోడు బండిని లిఫ్టు మీద ఎత్తాడు. మెషీన్ గొట్టాలు తగిలించే ముందు కిందికెళ్ళి లైటు వేసి చూశాడు. చాలాసేపు చూసి, నన్ను పిలిచాడు. "అమ్మా, ఇంతకుముందు మూడుసార్లు మార్చారన్నారు కదా?" అన్నాడు. అవునన్నాను. "ఇది గేర్‌బాక్స్ ఆయిల్ ప్యాన్. మెషీన్ లేకుండా ఈ బండిలో ఆయిల్ దింపాలంటే దీన్ని విప్పాల్సిందే, వేరే దారి లేదు. ఈ బోల్టులు చూడండి" అన్నాడు. బోల్టుల మీద, ప్యాన్ అంచు మీద కలిపి కంపెనీవాళ్ళు పూసిన పసుపురంగు చుక్కలు. ఒక్కటి కూడా చిట్లలేదు. "వీటిని పుట్టిన దగ్గర్నుంచి ఎవరూ విప్పలేదు" అన్నాడు.

నేను బానెట్ ఎత్తి స్టిక్కరు చూపించాను. అతను కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "మా బాబాయి" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. సిగ్గుతో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అతను మెషీన్ పక్కకి తోసేశాడు. ఇలాంటి బండిని ఒక్కసారిగా కడగకూడదట. ప్యాన్ విప్పి, దానంతట అది దిగినంత దింపి, అంతే కొలతకి ఈ బండి పుస్తకంలో రాసిన రకం పోశాడు. మూడోవంతు దిగిందట. ఒక నెల తోలాక మళ్ళీ ఇంత, ఆపైన మళ్ళీ ఇంత. దిగింది చూశాను. ఎర్రగా ఉండాల్సింది కాటుకలా ఉంది. "ఇంకో వెయ్యి కిలోమీటర్లు వస్తుందో, యాభై వేలు వస్తుందో చెప్పలేను. ఇవాళ మెషీన్ పెట్టి ఉంటే మాత్రం మీరు కొండెక్కేవారు కాదు" అన్నాడు.

బాబాయ్, నీ సంతకం నాకు దేవుడి మాట. దాన్ని నమ్మి నేను ఇవాళ నా పనిని, నా ముగ్గురు మంచంపట్టినవాళ్ళని పోగొట్టుకునేదాన్ని. ఎందుకు చేశావు? బద్ధకమా? మా బండే కదా అనా? నాన్నకి చెప్పలేదు. ఏమని చెప్పను? తమ్ముడి స్టిక్కరు గురించి ఆఫీసంతా గొప్పలు చెప్పుకున్న మనిషికి?

నాకు జవాబు కావాలి.

---

మే 25

అమ్మా,

నీ 22వ తేదీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. 24కి జరిపావంటే నిన్ననే అయిపోయి ఉంటుంది. ఆలస్యమైంది నాకు తెలుసు. అయినా రాస్తున్నాను. ఈసారి గట్టిగానే చదువు. అన్నయ్య కుర్చీ దగ్గరికి జరుపుకున్నాకే మొదలుపెట్టు.

అన్నయ్యా, నాకు జబ్బేమీ లేదు. నీ కారులో గేర్ ఆయిల్ నేను ఎన్నడూ మార్చలేదు. స్టిక్కరు మీద మూడు తేదీలూ అబద్ధాలు.

మొదటిసారి నువ్వు పొద్దున్నే డబ్బాతో వచ్చావు. "అన్ని ఆటోమేటిక్ బళ్ళకీ ఇదే వాడతారు, బజారంతా తిరిగి కొన్నాను, సాయంత్రానికి బండి కావాలి" అన్నావు. డబ్బా చూడగానే నాకు తెలిసింది, అది ఆ గేర్‌బాక్స్‌కి పనికిరాదు. దానికి దాని రకమే కావాలి. ఇది పోస్తే ఏడాదిలో ప్లేట్లు జారతాయి. ఆ రకం తెప్పించాలంటే ఆ రోజుల్లో నెల పట్టేది. "అన్నయ్యా, ఇది తప్పు డబ్బా" అని ఒక్క మాట అంటే పోయేది. అనలేకపోయాను. షెడ్డులో ఆరుగురు నిలబడి ఉన్నారు. అమ్మానాన్నా పోయాక నన్ను చేరదీసి, పదిహేనేళ్ళకి నా చెయ్యి పట్టుకుని పనిలో చేర్చినవాడివి. నువ్వు తప్పు కొన్నావని నలుగురిలో ఎలా అంటాను? సరే అన్నయ్యా అన్నాను. బండి కింద కడిగి, తేదీ వేసి, సంతకం పెట్టాను. సరైనది తెప్పించి తర్వాత పిలుద్దామనుకున్నాను. పిలిస్తే ఎందుకని అడుగుతావు, అడిగితే చెప్పాలి. అలా కక్కలేక మింగలేక ఏడాది గడిచింది. ఒక అబద్ధం రాశాక రెండోది రాయడానికి చెయ్యి పెద్దగా అడ్డం రాలేదు. మూడో డబ్బా తెచ్చినప్పుడు నువ్వు నా భుజం తట్టి, "నీ స్టిక్కరు చూస్తే నాకు ధైర్యంరా" అన్నావు. ఆ రోజు నేను సరిగ్గా నిద్రపోలేదు.

నలభై ఏళ్ళలో నేను రాసిన దొంగ తేదీలు ఈ మూడే. మూడూ నీ బండి మీదే. ఆ డబ్బాలు మూత విప్పకుండా నా మంచం కిందే ఉన్నాయి.

టపాకాయ్, నీ కాలు గురించి నేను రాయలేదమ్మా. కొండ ఎక్కకపోతే ఆ గేర్‌బాక్స్ ఇంకొన్నాళ్ళు బతుకుతుందని రాశాను. కారణం చెప్పలేక, చెప్పిన ముక్క అలా తగలబడింది. నీ గుండె కోసినందుకు నన్ను క్షమించు. బండి ఏమైందో రాయి. పోయిందంటే దానికి ఉరిశిక్ష నాదే.

తేలుకుట్టిన దొంగ,
మీ బాబాయి

---

మే 30

బాబాయ్,

మన ఉత్తరాలు దారిలో ఎదురుపడ్డాయి. నువ్వు నిజం రాసేనాటికి నేను రాసిన తిట్లు నీకింకా అందలేదు. ఆ సంగతి తేదీలు చూసి తెలుసుకున్నాను, చూశాక ఏడ్చాను. దొరికిపోయాక చెప్పలేదు నువ్వు. 24వ తేదీ ఉత్తరంలో బద్ధకమా అని అడిగాను చూడు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. తప్పు తప్పే, అది మాత్రం అక్కడే ఉంటుంది.

బండి పోలేదు. రోజూ కొండెక్కుతున్నాను. కుదుపు సగం తగ్గింది. పెద్ద నర్సమ్మకి "నా ఇళ్ళు నాకే" అని చెప్పేశాను.

నువ్వు చెప్పినట్టే నాన్న కుర్చీ జరుపుకున్నాకే చదివాను. మొత్తం విన్నాడు. చదవడం అయ్యాక లేచి, గోడ పట్టుకుని తన గదిలోకి వెళ్ళిపోయాడు. రెండ్రోజులు నాతో కూడా అవసరానికి మించి మాట్లాడలేదు. నాకు భయమేసింది. మూడోరోజు పొద్దున నడకకి వెళ్దాం పద అన్నాడు, ఎండలో, తనంతట తనే. వచ్చాక కాగితం తెమ్మన్నాడు. కింద ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, తూకం తగ్గకుండా.

"ఒరేయ్ చిన్నోడా. డబ్బా తప్పని ఆ రోజే చెప్తే నిన్ను కొరుక్కు తినేవాణ్ణా? గంటసేపు అరిచేవాణ్ణి, నిజమే. అమ్మిన షాపువాణ్ణి వదిలేసి నిన్నే అనేవాణ్ణి, అదీ నిజమే. ఇవన్నీ నాకు తెలుసు, అందుకే నీ మీద కోపం రెండురోజులకి మించి నిలవలేదు. ముప్ఫై నాలుగేళ్ళు ఊళ్ళో కొట్లన్నీ తిరిగి తూకపురాళ్ళు సరిచూశాను. నా తమ్ముడి నోట్లోంచి వచ్చే 'సరే అన్నయ్యా' ఏనాడూ సరిచూసుకోలేదు. నువ్వు సరే అన్నప్పుడల్లా నేను చెప్పిందే ఒప్పు అనుకున్నాను.

"ఇప్పుడొకటి అడుగుతాను, నిజం రాయి. నీ చెవులు పోతున్నాయని షెడ్డు మూసెయ్యమన్నాను. మర్నాడే సరే అన్నావు. నీకూ అదే మంచిదనిపించిందని అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. అది కూడా ఈ డబ్బాల లాంటి సరేనా?

"ఇంకోటి. ఒక్కడివీ ఆ దూదిలో ఎందుకు? ఆ గదులు ఖాళీ చేసి జులై ఒకటో తేదీకల్లా ఇక్కడికి వచ్చెయ్. ముందు గది నీకు. మంచం కూడా చెప్పేశాను."

నిజం రాయమన్న నోటితోనే మళ్ళీ హుకుం చూశావా! రాస్తూ నాలో నేను నవ్వుకున్నాను. ఎందుకు నవ్వుతున్నావే అన్నాడు. ఏం లేదన్నాను. బాబాయ్, నేనేమీ సలహా ఇవ్వను. నీకు ఏమనిపిస్తే అదే రాయి.

నీ టపాకాయ

---

జూన్ 4

అన్నయ్యా,

నమస్కారం. నీ పేరు మీద ఉత్తరం రాసి ఎన్నేళ్ళయిందో. చదివేది టపాకాయే అయినా ఇది నీకు.

అవును. అది కూడా అలాంటి సరే. షెడ్డు మూయడం నాకు ఇష్టం లేదు. మూసిన మర్నాడు అలవాటుగా టీ గ్లాసు పట్టుకుని కిందికి దిగి, షట్టరుకి నేనే వేసిన తాళం చూస్తూ నిలబడ్డాను. టీ చల్లారిపోయింది. నీ మీద చాలా కోపం వచ్చింది అన్నయ్యా. ఇన్నేళ్ళూ దాన్ని పరుపులవాళ్ళ దూది మీద చూపించాను, పాపం వాళ్ళేం చేశారు. నువ్వు చెడు కోరి చెప్పలేదు, నా మంచికే చెప్పావు. నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. సగం సగం తప్పు.

ఇక రెండోది. ఒకటో తేదీకల్లా వచ్చెయ్యమన్నావు.

రాను, అన్నయ్యా.

ఈ మాట కోసం మూడు కాగితాలు చింపాను. మొదటిదాంట్లో "చూద్దాం" అని రాశాను. రెండోదాంట్లో "ఆరోగ్యం కుదుటపడ్డాక" అని రాశాను, నాకు ఆరోగ్యం బాగానే ఉంటే. మూడోదాంట్లో సరే అని రాసేశాను, అలవాటు ఎక్కడికి పోతుంది. రావడం ఇష్టం లేక కాదు. నువ్వంటే నాకు ప్రాణం, అది నీకు తెలుసో లేదో, ఎప్పుడూ చెప్పలేదు కనుక ఇప్పుడు రాస్తున్నాను. కానీ పరుపులవాళ్ళ గడువు ఆగస్టుతో అయిపోతుంది. షెడ్డులో ఒక మూల బల్ల వేసుకుంటాను. బళ్ళు షెడ్డులోకి తీసుకోను. విప్పి తెచ్చిన గేర్‌బాక్సులు బల్ల మీద పెట్టుకుని బాగుచేస్తాను. ఆ పనికి చెవులు అక్కర్లేదు, చేతులు చాలు. చేతులు ఇంకా ఉన్నాయి. ఆ మంచం వద్దని చెప్పెయ్, లేదా ఉంచు, వచ్చినప్పుడు పడుకుంటాను.

ఈ నెల 20న మంగళవారం వస్తున్నాను. బండికి రెండోసారి ఆయిల్ పోసేటప్పుడు నేనుండాలి. కళ్ళజోడుని కలవాలి, అతనికి నా మొహం చూపించాలి. ఆయిల్ నేనే తెస్తాను, నువ్వు కొనకు. గురువారం తిరిగొచ్చేస్తాను.

కోపమొస్తే రాయి. గంటసేపు అరిచినా సరే, భరిస్తాను.

నీ తమ్ముడు

---

జూన్ 8

బాబాయ్,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం వచ్చింది. "రాను, అన్నయ్యా" దగ్గర ఆగాను. నాన్న వైపు చూశాను. ఆయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కదలకుండా ఉన్నాడు.

"మళ్ళీ చదువు" అన్నాడు. చదివాను.

"వాడే రాశాడా? నువ్వు కలపలేదు కదా?" అన్నాడు. నీ చేతిరాతే నాన్నా అన్నాను. కాగితం ఇలా ఇమ్మని, ఆ మాట మీద తన వేలు పెట్టమన్నాడు. పెట్టాను. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. తర్వాత మెల్లగా నవ్వడం మొదలుపెట్టాడు. "అరవై నాలుగేళ్ళు పట్టిందే వీడికి" అన్నాడు. మిగతాది ఆ తర్వాతే చదవనిచ్చాడు. ప్రాణం అన్న ముక్క దగ్గర మాత్రం "ఆ, సరే సరే, ముందుకు పో" అన్నాడు, నీకు తెలుసుగా.

మంచం ఉంచమన్నాడు. 20వ తేదీ ఉదయం నేను సెలవు పెట్టాను. బండి ఇవాళ కూడా కొండెక్కింది.

జవాబు నేను రాస్తానని కూర్చుంటే పక్కనే కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. "వాడికి రాయి. ఎనిమిదింటి బస్సు నిండిపోతుంది, ఏడింటి బస్సుకే బయల్దేరమను. కుడివైపు కిటికీ సీటు..." అంతవరకు రాశాను. ఆగిపోయాడు.

"కొట్టెయ్ ఆ ముక్క" అన్నాడు. "ఏ బస్సెక్కాలో వాడికి తెలుసు."

కొట్టేశాను.

టపాకాయ